అరవై నాలుగో ఏట ఆర్ట్ స్కూల్లో

నెల్ ఇర్విన్ పెయింటర్ రాసిన ‘ఓల్డ్ ఇన్ ఆర్ట్ స్కూల్’ (2018) గురించి ఎవరికి చెప్పినా ముందు వచ్చే మాట ఒకటే: “ఆ వయసులో ఎంత ఓపికండీ!” 64 ఏళ్ళ ప్రొఫెసరు ఉద్యోగం చాలించి, మళ్ళీ యూనివర్సిటీలో డిగ్రీకి చేరి, ఇరవయ్యేళ్ళ పిల్లల పక్కన నిలబడి బొమ్మలెయ్యడం నేర్చుకుంది అనగానే, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే ‘వయసు ఒక అంకె మాత్రమే’ బాపతు మెసేజ్ గుర్తొస్తుంది. పుస్తకాన్ని ఆ అరలో పెట్టేస్తే పని అయిపోతుంది. ఇక చదవక్కర్లేదు కూడా.

నేను మొదట ఆ అరలోంచే తీశాను. చదువుతుంటే అర్థమైంది, ఇందులో స్ఫూర్తి పాలు తక్కువ, తగాదా పాలు ఎక్కువ అని. ఆవిడ చాలాచోట్ల కోపంగా ఉంటుంది, కొన్నిచోట్ల తనమీద తనే జోకులేసుకుంటుంది, రెండు మూడు చోట్ల బాగా దెబ్బతిని ఉంటుంది. పుస్తకం పొడుగునా ఒక్క ప్రశ్నని మాత్రం వదలదు. ఒక మనిషి ఆర్టిస్టా కాదా అన్నది ఎవరు తేలుస్తారు? ఏ ఆధారంతో తేలుస్తారు? బడి అనేది రెండు పనులు చేస్తుంది. ఒకటి నేర్పడం, రెండోది తేల్చడం. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే మనిషి నోటివెంట జరుగుతాయి కాబట్టి మనం వాటిని విడదీసి చూడం. పెద్ద వయసులో బడికి వెళ్ళిన ఈవిడ విడదీసి చూసింది. నాకు ఈ పుస్తకంలో విలువైన విషయం అదే.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. పెయింటర్ అన్నది ఆవిడ ఇంటిపేరు. బొమ్మల్లోకి రాకముందు నుంచీ అదే పేరు, అదొక విచిత్రం. 1942లో పుట్టింది, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో పెరిగింది. 1974లో హార్వర్డ్‌లో చరిత్రలో పిహెచ్‌డి. ప్రిన్స్‌టన్‌లో చాలాకాలం అమెరికా చరిత్ర చెప్పింది. బానిసత్వం నుంచి బయటపడి, దానికి వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడిన సోజర్నర్ ట్రూత్ జీవితం మీద 1996లో ఆవిడ రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. ఇలాంటి మనిషి, చరిత్ర రంగంలో ఇంక ఎక్కడానికి మెట్టు లేదు అన్న దశలో, న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీలో మేసన్ గ్రోస్ స్కూల్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో బి.ఎఫ్.ఏ.కి చేరింది. 2009లో ఆ డిగ్రీ పూర్తి చేసి, అక్కడితో ఆగకుండా రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో పెయింటింగ్‌లో ఎం.ఎఫ్.ఏ. చేసింది. అది 2011లో అయింది. మన లెక్కలో కళలు అరవై నాలుగు, ఆవిడ వయసూ అరవై నాలుగే. ఆవిడకి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు గానీ, తెలుగువాళ్ళం చదివేటప్పుడు నవ్వొస్తుంది.

ఇంకో చిన్న వివరం. 2007-08లో ఆవిడ అమెరికా చరిత్రకారుల సంఘానికి అధ్యక్షురాలు. అదే కాలంలో బి.ఎఫ్.ఏ. విద్యార్థిని. ఒక చోట వేలమంది చరిత్రకారులకి పెద్దదిక్కు, ఇంకో చోట “ఈ నీడ సరిగా పడలేదు” అనిపించుకునే పిల్ల. ఈ మధ్యలోనే ‘ది హిస్టరీ ఆఫ్ వైట్ పీపుల్’ అనే పెద్ద పుస్తకం పూర్తి చేసి 2010లో అచ్చేయించింది. ఈ రెండు జీవితాలూ ఒకేసారి నడవడం వల్ల పుస్తకానికి ఒక వేగం వచ్చింది. తీరిగ్గా వెనక్కి తిరిగి చూసుకుంటున్న రిటైర్డ్ మనిషి గొంతు ఇందులో వినపడదు.

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం రావాలి. బొమ్మలు వెయ్యాలనుంటే ఇంట్లో కూచుని వేసుకోవచ్చు కదా, దానికి యూనివర్సిటీ ఎందుకు? మన దగ్గర ఈ ప్రశ్నకి బలం ఎక్కువ. బాపు చదివింది లా. ఆయన గీతని ఏ కాలేజీ నేర్పలేదు. అడివి బాపిరాజు కూడా బి.ఎల్. పట్టా ఉన్నవాడే. కాకపోతే ఆయన బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ దగ్గర కూచుని చిత్రకళ నేర్చుకున్నాడు. రవీంద్రనాథ్ టాగోర్ సంగతి మరీ చిత్రం. రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుకుంటూ మొదలుపెట్టి, అరవై దాటాక పూర్తిస్థాయిలో బొమ్మల్లోకి దిగాడు. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టేనాటికి ఆయనకి 69 దగ్గర పడ్డాయి. ఏ స్కూలుకీ వెళ్ళలేదు. వెళ్తే ఏమయ్యేదో అనుకుంటే భయమేస్తుంది కూడా.

పెయింటర్ జవాబు వేరు. ఆదివారాలు సరదాగా కుంచె పట్టుకునే మనిషిగా ఉండటం ఆవిడకి ఇష్టం లేదు. చరిత్రకారిణి అవడానికి ఏం చేసిందో ఆర్టిస్టు అవడానికీ అదే చెయ్యాలనుకుంది: చేరడం, నేర్చుకోవడం, తిట్లు తినడం, పట్టా తీసుకోవడం. వృత్తి అంటే శిక్షణ అని నమ్మిన తరం మనిషి. ఈ నమ్మకాన్ని వెక్కిరించడం తేలిక. అయితే దీని వెనక ఇంకో లెక్క ఉంది. టాగోర్ స్కూలుకి వెళ్ళకుండానే పారిస్‌లో గోడ దొరకడానికి ఆయన టాగోర్ కావడం కూడా ఒక కారణం. అరవై దాటిన నల్లజాతి స్త్రీకి, ఆవిడ ఎంత పేరున్న చరిత్రకారిణి అయినా, బొమ్మల లోకంలో ఆ వెసులుబాటు లేదు. తలుపు తట్టి, నంబరిచ్చిన వరసలో నిలబడాల్సిందే. ఆవిడ నిలబడింది.

ఆ వరస నాకు బాగా తెలిసిన రైలు మార్గంలోనే ఉంది. పెయింటర్ ఇల్లు న్యూఅర్క్‌లో. అక్కణ్ణుంచి న్యూబ్రన్స్‌విక్‌కి రైల్లో వెళ్ళేది. ఆ దారిలో న్యూబ్రన్స్‌విక్‌కి ముందు స్టేషను ఎడిసన్. తెలుగువాళ్ళకి పరిచయం చెయ్యనక్కర్లేని ఊరు. నాతో సహా వేలమంది రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచీ తగిలించుకుని న్యూయార్క్ వైపు ఎక్కే స్టేషను. మేం ఎక్కే రైలుకి ఎదురు దిశలో, కాన్వాసులు చంకలో పెట్టుకుని ఆవిడ వెళ్ళేదన్న మాట. అవి నేను ఇక్కడికి రాకముందు సంవత్సరాలే గానీ, పుస్తకంలో ఆ ప్రయాణాల గురించి చదివినప్పుడు ఆ పట్టాల మీద ఇంకో రకం ప్రయాణం కూడా ఉందన్న సంగతి కొత్తగా తట్టింది.

*

పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగాలు నేర్చుకోవడం గురించి రాసినవి. అక్కడ పెయింటర్ ఒక ఇబ్బందిని చాలా నిజాయితీగా పట్టుకుంటుంది. ఆవిడకి కష్టం కలిగించింది తెలియకపోవడం కాదు, తెలిసి ఉండటం. చరిత్రకారిణిగా ఆవిడ కన్ను ఇరవయ్యో శతాబ్దంలో తయారైంది. బొమ్మ చూడగానే అర్థం వెతుకుతుంది, కథ వెతుకుతుంది, పనితనం వెతుకుతుంది, ఎవరు ఏ కాలంలో ఎందుకు వేశారని అడుగుతుంది. క్లాసులో పిల్లలకీ టీచర్లకీ అవేవీ ముఖ్యం కాదు. వాళ్ళకి నచ్చిన బొమ్మలు ఆవిడకి చేతకానితనంగా కనిపిస్తాయి. ఆవిడ వేసినవి వాళ్ళకి మరీ పొందికగా, ఏదో చెప్పడానికి తొందరపడుతున్నట్టు కనిపిస్తాయి. తన కళ్ళు తనతో అబద్ధం చెబుతున్నాయేమో అన్న అనుమానం ఆవిడని చాలాకాలం వెంటాడుతుంది.

దీన్ని నా అనుభవంతో కొంచెం పోల్చుకోవచ్చు. రెండేళ్ళుగా శనివారాలు ఇక్కడ దగ్గర్లో ఒక డ్రాయింగ్ క్లాసుకి వెళ్తున్నాను. మొదటి నెలలో మాచేత ఒక కుర్చీ వేయించారు. కుర్చీ వెయ్యొద్దు, కుర్చీ కాళ్ళ మధ్య ఉన్న ఖాళీలని వెయ్యమన్నారు. పాత అభ్యాసమే ఇది, చాలాచోట్ల చేయిస్తారు. కారణం ఏమిటంటే, కుర్చీ అంటే ఏమిటో మనకి ముందే తెలుసు. నాలుగు కాళ్ళు, ఒక పీట, ఒక వీపు. కన్ను చూసేలోపే బుర్ర జవాబిచ్చేస్తుంది, చెయ్యి ఆ జవాబుని గీసేస్తుంది. అందుకే పిల్లలు వేసినా పెద్దవాళ్ళు వేసినా కుర్చీ సీటు పైనుంచి చూసినట్టు, కాళ్ళు పక్కనుంచి చూసినట్టు వస్తాయి. ఖాళీకి పేరు లేదు. ఆ ఆకారం గురించి బుర్రకి ఏమీ తెలీదు. అందుకని చచ్చినట్టు చూడాల్సి వస్తుంది. ఖాళీలన్నీ సరిగ్గా పడ్డాక చూస్తే మధ్యలో కుర్చీ దానంతటదే నిలబడి ఉంటుంది.

పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడికి ఇది గట్టి పాఠం. మా పనిలో సీనియర్ అంటే సమస్య సగం వినగానే జవాబు తెలిసినవాడని అర్థం. జీతం ఇచ్చేదే దానికి. పెయింటర్‌కి జరిగింది ఇంతకి వందరెట్లు. ఆవిడ తెలివికి కారణమైన అలవాట్లే గీతకి అడ్డుపడ్డాయి. ఇలాంటి చోట మిగతా పుస్తకాలైతే ‘పాతదంతా మర్చిపోయి పసిపిల్లలా మారాలి’ అని చెప్పి ఊరుకుంటాయి. పెయింటర్ ఊరుకోదు. మర్చిపోవడానికి ప్రయత్నిస్తుంది, కొంత సాధిస్తుంది, చివరికి మర్చిపోకూడదనే నిర్ణయానికి వస్తుంది. స్కూలు అయ్యాక వేసిన ‘ఒడలిస్క్ అట్లాస్’లో ఆవిడ తెల్లజాతి చరిత్ర పరిశోధనే మళ్ళీ పైకొచ్చింది. అందం అన్న ఊహ వెనకాల ఉన్న బానిస స్త్రీల చరిత్ర, దేశపటాలు, రంగులూ కలిసిపోయి వచ్చాయి. చరిత్ర పోలేదు. దాని ఆకారం మారింది. చదువు మీద చదువు పడినప్పుడు జరగాల్సింది ఇదేనేమో.

*

ఇక తేల్చడం సంగతి.

ఆర్ట్ స్కూల్లో పరీక్షలాంటిది క్రిటీక్. వాడుకలో క్రిట్ అంటారు. విద్యార్థి తన పనిని గోడకి తగిలిస్తాడు, టీచర్లూ తోటివాళ్ళూ దాని ముందు నిలబడి మాట్లాడతారు. వేసినవాడు చాలావరకు వింటాడు. మా రంగంలో దీనికి దగ్గర చుట్టం కోడ్ రివ్యూ. నేను రాసిన ప్రోగ్రామ్‌ని వాడకంలోకి వెళ్ళేముందు ఇంకొకరు చదివి, ఇక్కడ తప్పుంది, ఇది నెమ్మదిగా నడుస్తుంది, ఈ పేరు అర్థం కావట్లేదు అని రాస్తారు. మనసుకి గుచ్చుకుంటుంది గానీ పునాది ఒకటుంది. ప్రోగ్రామ్ నడుస్తుందా లేదా అన్నది ఇద్దరం కలిసి చూడగలం. రివ్యూ చేసేవాడు ఎంత పెద్దవాడైనా టెస్టు పాసైతే పాసైనట్టే.

క్రిట్‌లో ఆ టెస్టు లేదు. అందుకని మాట గీత దగ్గర మొదలై మనిషి దగ్గర తేలుతుంది. పెయింటర్ ఈ జారుడుని చాలా జాగ్రత్తగా నమోదు చేసింది. ఒక టీచరు ఆవిడ మొహం మీదే చెప్పేస్తాడు. బొమ్మలు ప్రదర్శించొచ్చు, అమ్ముకోవచ్చు, అయినా ఆర్టిస్టు మాత్రం ఎప్పటికీ కాలేవని. ఆవిడ అక్కడికక్కడే ఘాటుగా తిప్పికొట్టింది. తిప్పికొట్టినంత మాత్రాన ఆ మాట పోలేదు. ఆ మాట పుస్తకంలో పదే పదే తిరిగొస్తుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ చూసొచ్చిన మనిషిని, ఏ పొగడ్తా ఏ పదవీ కొత్తకాని మనిషిని, ఒక చిత్రకళ మాస్టారు ఒక్క వాక్యంతో ఇంత కుదిపేశాడంటే, ఇరవయ్యేళ్ళ పిల్లల సంగతి ఏమిటని ఆలోచించకుండా ఉండలేం.

ఇక్కడ నాకు తట్టిన ఒక సంగతి చెబుతాను. ఇది పుస్తకం చేసిన పోలిక కాదు, నాది. పెయింటర్ భర్త గ్లెన్ షేఫర్. మా రంగంలో కొందరికైనా తెలిసిన పేరు. ‘డెంప్‌స్టర్-షేఫర్ సిద్ధాంతం’లో రెండో సగం ఆయనే. ఆర్థర్ డెంప్‌స్టర్ చేసిన పని మీద ఆధారపడి, 1976లో ‘ఎ మ్యాథమెటికల్ థియరీ ఆఫ్ ఎవిడెన్స్’ అనే పుస్తకం రాశాడు. రకరకాల సెన్సర్ల నుంచి వచ్చే సమాచారాన్ని కలిపి ఒక అంచనాకి రావాల్సిన చోట ఇది వాడతారు. అందులో మూలమైన సంగతి సులువుగానే చెప్పొచ్చు. మామూలు సంభావ్యత లెక్కలో, రేపు వాన పడుతుందని 30 శాతం అంటే, పడదని 70 శాతం అన్నట్టే. మిగిలినదంతా వ్యతిరేకం ఖాతాలోకి పోతుంది. షేఫర్ లెక్కలో అలా పోనక్కర్లేదు. పడుతుందనడానికి 30 పాళ్ళు ఆధారం ఉంది, పడదనడానికి 10 పాళ్ళు ఉంది, మిగతా 60 పాళ్ళు ఇంకా తెలియదు అని రాసుకోవచ్చు. ‘ఆధారం లేదు’ అన్నదీ ‘కాదనడానికి ఆధారం ఉంది’ అన్నదీ రెండు వేరు వేరు విషయాలు.

ఆ టీచరు చేసింది సరిగ్గా ఈ రెంటినీ కలిపెయ్యడమే. నీ బొమ్మల్లో నాకు ఇంకా కనపడలేదు అనాల్సిన చోట, ఎప్పటికీ ఉండదు అన్నాడు. తెలియనిదాన్నంతా తీసుకెళ్ళి లేనిదాని ఖాతాలో వేశాడు. పెద్ద వయసులో చదువుకి వెళ్ళినవాళ్ళ విషయంలో ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. ఇరవయ్యేళ్ళ కుర్రాడి బొమ్మ బాగాలేకపోతే ‘ఇంకా టైముంది’ అంటారు. అంటే ఆ 60 పాళ్ళూ వాడికి అప్పుగా ఇస్తారు. అరవై నాలుగేళ్ళ ఆవిడ బొమ్మ బాగాలేకపోతే ఆ అప్పు పుట్టదు. బొమ్మలు రెండూ ఒకటే అయినా లెక్క మారిపోతుంది.

నిజానికి పెయింటర్‌కి చిన్నప్పుడు కూడా ఆ అప్పు పుట్టలేదు. బర్కిలీలో చదివే రోజుల్లో శిల్పం కోర్సులో సి గ్రేడు వచ్చింది. కష్టపడి చెయ్యలేదు కాబట్టి వచ్చింది. ఆ వయసులో మాత్రం, నాకు ప్రతిభ లేదు కాబట్టి వచ్చింది అని అర్థం చేసుకుని బొమ్మల్ని వదిలేసింది. ఒక్క గ్రేడు, నలభై ఏళ్ళు. ఈసారి తేల్చినవాడు టీచరు కూడా కాదు, ఆవిడే.

ఇది చదివినప్పుడు ఎంసెట్ గుర్తురాని తెలుగువాడు ఉండడనుకుంటాను. మనకి చదువంటే ఎక్కువగా తేల్చడమే. పదిహేడో ఏట ఒక ర్యాంకు వస్తుంది, దాంతో నువ్వెవరో తేలిపోతుంది. మంచి ర్యాంకు వచ్చినవాడికి అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాడు ఇక ప్రశ్నించడు. నాకు మరీ చెడ్డ ర్యాంకు రాలేదు. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో సీటొచ్చింది, అక్కణ్ణుంచి దారి దానంతటదే నడిచింది. ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ అనేది ఒకటుంటుందని ఇంటర్‌లో మాకెవరూ చెప్పలేదు. చెప్పినా చేరేవాణ్ణని కాదు. అడిగే అవకాశమే లేనిచోట ‘కాదు’ అన్న జవాబు ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న.

*

వయసుతో పాటు రంగు, ఆడతనం కూడా ఈ లెక్కలో ఎలా పడతాయో పెయింటర్ చరిత్రకారిణి కాబట్టి వివరంగా చూపించగలిగింది. తనకి ఇష్టమైన ఆలిస్ నీల్, ఫెయిత్ రింగ్‌గోల్డ్, మైరా కాల్మన్ లాంటివాళ్ళకి దక్కాల్సిన విలువ ఎందుకు దక్కలేదని అడుగుతుంది. ఆలిస్ నీల్ 1900లో పుట్టింది. న్యూయార్క్ విట్నీ మ్యూజియం ఆవిడ బొమ్మలతో ప్రదర్శన పెట్టింది 1974లో. అన్నేళ్ళూ ఆవిడ వేస్తూనే ఉంది. 74 ఏళ్ళ వయసులో బొమ్మలు హఠాత్తుగా బాగుపడలేదు, చూసేవాళ్ళ లెక్క మారింది. ఈ ఉదాహరణలు పుస్తకంలో కేవలం ఓదార్పు కోసం రాలేదు. ‘ఆర్టిస్టు’ అన్న మాటకి గాలరీలూ మ్యూజియంలూ స్కూళ్ళూ కలిసి ఒక మొహం తయారుచేసి పెట్టుకున్నాయని, ఆ మొహం యువకుడిది, చాలావరకు తెల్లవాడిది అని చెప్పడానికి వచ్చాయి.

ఇంకో పాయ నడుస్తుంది పుస్తకంలో. ఈ చదువంతా జరుగుతున్నప్పుడు ఓక్లండ్‌లో ఆవిడ తల్లిదండ్రులు ముసలివాళ్ళు. తల్లి పోయింది, తండ్రి దిగులులో మునిగిపోయాడు. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి విమానాల్లో తిరుగుతూ, ఆస్పత్రుల్లో కూచుంటూ, ఎసైన్‌మెంట్లు పూర్తి చేసింది. తోటి విద్యార్థులకి ఈ బాధ్యత లేదు. పెద్దయ్యాక చదువుకోవడంలో అసలైన కష్టం మోకాళ్ళ నొప్పుల దగ్గర ఉండదు, ఇక్కడ ఉంటుంది. తల్లి డోనా ఇర్విన్ కథ ఇందులో కలవడం వల్ల ఈ పుటలకి బరువొచ్చింది. ఆవిడ తన ఉద్యోగం అయిపోయాక రాయడం మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి కష్టపడి రెండు పుస్తకాలు తెచ్చింది. కూతురు ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. దేశం దాటి బతుకుతూ, ఫోన్ రాత్రిపూట మోగితే ఉలిక్కిపడే మాలాంటివాళ్ళు ఈ అధ్యాయాలని తొందరగా చదవలేరు.

*

నచ్చని విషయాలు కూడా ఉన్నాయి. మధ్యలో చాలా పుటలు ఆర్టిస్టుల పేర్లతో నిండిపోతాయి. ఎవరెవరి బొమ్మలు చూసింది, ఎవరి దగ్గర ఏం గ్రహించింది అన్న వరస ఒక దశలో క్లాసు నోట్సులా మారుతుంది. పేర్లు తెలియని నాలాంటి పాఠకుడు ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదవాలి. తన బొమ్మ ఒకటి ఎలా తయారైందో అడుగడుగునా చెప్పిన చోట్ల మాత్రం చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. అవి ఇంకొన్ని ఉండాల్సింది.

రెండోది డబ్బు. మళ్ళీ మొదలుపెట్టడం అన్న మాట పుస్తకం ఉపశీర్షికలోనే ఉంది. ఎవరు మొదలుపెట్టగలరన్న ప్రశ్న మీద నాకు కావలసినంత వెలుతురు లేదు. ప్రిన్స్‌టన్ ప్రొఫెసరుగా రిటైరైన మనిషికి ఇల్లుంది, పింఛను ఉంది, అర్థం చేసుకునే భర్త ఉన్నాడు, పేరుంది. ఈ సౌకర్యం తనకుందని ఆవిడకి తెలుసు. అయినా ఆ ఎరుక నేపథ్యంలోనే ఉండిపోతుంది. మా ఊళ్ళో ఇదే పుస్తకం చదివే మనిషిని ఊహించుకోండి. హెచ్-1బి మీద ఉన్నవాడు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు కోర్సు తీసుకోవచ్చు. ఉద్యోగం వదిలేసి పూర్తికాలం ఆర్ట్ స్కూల్లో చేరాలంటే విద్యార్థి వీసాకి మారాలి. అంటే ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు వరసలో నిలబడి, భార్యాపిల్లలతో కట్టుకున్నదంతా ప్రమాదంలో పెట్టాలి. నాకిప్పుడు 36. నేను ‘మళ్ళీ మొదలుపెట్టడం’ అనేది ధైర్యం ఒక్కదాంతో అయ్యే పని కాదు. ఇది పెయింటర్ తప్పని నేననను. తన కథ తను చెప్పింది. కానీ ఈ పుస్తకాన్ని ‘ఎవరైనా చెయ్యొచ్చు’ అని పంచిపెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

మూడోది ఫిర్యాదు కాదు, పుస్తకం తేల్చకుండా వదిలేసిన ముడి. ఒకవైపు, ఆర్టిస్టు అని తేల్చే హక్కు స్కూలుకి ఎవరిచ్చారని అడుగుతుంది. ఇంకోవైపు, రట్గర్స్ అయ్యాక ఇంకా పెద్ద పేరున్న స్కూలుకే అప్లై చేసి, అక్కడ ఇంకా గట్టి దెబ్బలు తింటుంది. నేర్చుకోవడానికే అయితే రెండో డిగ్రీ అంత అవసరమా? ఆవిడకి ఆ తీర్పు కూడా కావాలి. తీర్పు చెప్పేవాళ్ళని నమ్మకుండానే వాళ్ళ నోటివెంట ఆ మాట వినాలని ఉంది. ఈ వైరుధ్యాన్ని ఆవిడ కప్పిపుచ్చలేదు, అలాగని తేల్చనూ లేదు. నాకు ఇది పుస్తకంలో అత్యంత నిజమైన భాగంగా అనిపించింది. ర్యాంకుల మీద పెరిగినవాళ్ళం, ర్యాంకులకి విలువ లేదని ఉపన్యాసం ఇస్తూనే రిజల్ట్ వచ్చిన రోజు పేజీ పదిసార్లు రిఫ్రెష్ చేస్తాం కదా.

పెయింటర్ చివరికి చేరుకున్న చోటు పెద్ద విజయంలా ఉండదు. రోజూ స్టూడియోకి వెళ్ళడం, పని చెయ్యడం, చేసినదాన్ని పూర్తి చెయ్యడం. ఆ మాస్టారు అన్న అర్థంలో తను ఆర్టిస్టా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, దాని గొంతు మాత్రం తగ్గుతుంది. నలభయ్యేళ్ళ కిందటి సి గ్రేడుని ఒక అమ్మాయి జవాబు అనుకుని ఊరుకుంది. ఈసారి అంతకన్నా కఠినమైన మాట విని కూడా, మళ్ళీ క్లాసుకి వెళ్ళింది. ఆ మధ్యలో ఆవిడకి వచ్చిన తేడా ప్రతిభలోనూ కాదు, ఓపికలోనూ కాదు. ‘ఇంకా తెలియదు’ అన్న మాటకి, ‘కాదు’ అన్న మాటకి మధ్య ఉన్న దూరం ఆవిడకి తెలిసింది. పెద్ద వయసులో బడికి వెళ్ళడం వల్ల ఒరిగేది ఇంతేనా అంటే, ఇంతే. ఇది చిన్నప్పుడే తెలిసి ఉంటే మనలో చాలామంది జీవితాలు వేరుగా ఉండేవి.